ర్యాంపు మీద స్కూటర్లు

అబిడ్స్,
12 ఆగస్టు 1999

ప్రేమ్‌రాజ్ అన్నయ్యకు చెల్లెలి వందనాలు.

విజిటర్ ముందు ఎదురు మాట్లాడానని డైరెక్టర్ గారు నీకు ఫోన్ చేశారట. క్షమాపణ రాసిమ్మని నువ్వూ అంటున్నావు. నేను రాయను. ముందు జరిగింది విను.

వికలాంగులకు తాము పంపిన సాయం ఎలా ఉపయోగపడుతోందో చూడడానికి విదేశం నుంచి ఒకామె మా శిక్షణ సెంటర్‌కు వచ్చింది. ఆ సాయంతోనే మా చక్రాల కుర్చీలు ఎక్కడానికి ర్యాంపు కట్టారు. దాని మీద రోజూ స్టాఫ్ స్కూటర్లుంటాయి. ఆ ఒక్కపూట తీయించి, కడిగించారు.

ర్యాంపు వాడుతున్నావా అని ఆమె నన్ను ఇంగ్లీషులో అడిగింది. డైరెక్టర్ గారు దాన్ని నాకు తెలుగులో చెప్పారు.

"ఏం వాడుడు సార్? గీడ మీరే స్కూటర్లు పెడ్తరు గద! వాచ్‌మన్ యాదయ్య రోజూ నన్ను ఎత్తుకపోయి లోపల కూసోబెడ్తడు" అన్నాను.

"చాలా థ్యాంక్స్ చెబుతోంది" అని ఆయన ఆమెకు ఇంగ్లీషులో చెప్పేశారు.

నాకు ఒళ్లు మండింది. అన్నదంతా నేనే ఇంగ్లీషులో మళ్లీ చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. పక్కనే కూర్చుని రాసుకుంటుంటే తొంగి చూశాను. సెంటర్ శిక్షణ వల్ల ఈ అమ్మాయి ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతోందని రాసింది. స్కూటర్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఆమె కారు నాంపల్లి వైపు తిరిగిందో లేదో, స్కూటర్లు మళ్లీ ర్యాంపెక్కాయి.

నన్ను పదేళ్లు చంకనేసుకుని మిషన్ బడికి మోసింది అమ్మ. ఆ బడి ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఆ విజిటర్ రాసుకుపోయిందో అమ్మకు మాత్రం చెప్పకు.

నీ చెల్లెలు