ముఖాలు బాగా వచ్చిన ఫొటోలు

మంగళవారం, మానుకోట

సాయంత్రం ఆరింటికి, నేను లేనప్పుడు, ఎవరో కొత్త మనిషి ప్రదర్శన హాలుకు వచ్చాడు. మా ఉద్యమ ఫొటోల పోటీలో, "ముఖాలు స్పష్టంగా వచ్చాయి" అని న్యాయనిర్ణేతగా నేను మెచ్చుకుంటూ చీటీ అంటించిన ఫొటోలను మాత్రమే సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని పోయాడు. ఫలానా పత్రిక విలేకరినన్నాడట. ఇరవై ఏళ్లుగా ఇక్కడ రిపోర్టర్ని, ఆ పత్రిక పేరు నేనెప్పుడూ వినలేదు.

పోటీ పెట్టిన రవీందర్‌ను కార్డు చూశావా అని అడిగాను.

"చూడలే అన్నా. పైనుంచి చాయ్ గూడ తాపిన."

భూపాలపల్లి గని కార్మికుడు సమ్మయ్య పంపిన కేసముద్రం రైల్‌రోకో ఫొటోలో అన్నీ వీపులే. "దగ్గరికి పోయి ముఖాలు తీయాలి" అని సలహా రాసి పంపాను. మధ్యాహ్నం ఫోన్ చేసి నవ్వాడు.

"దగ్గర్నే ఉన్న అన్నా. ముఖాలు తీస్తే కేసులు నువ్వు మోస్తవా?"

అప్పుడది సాకు అనుకున్నాను.

వచ్చినవాడు పోలీసు అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఫొటోల మీద ఇష్టంతో వచ్చినవాడైతే, మొదటి బహుమతి ఫొటో ముందు ఒక్క నిమిషమైనా ఆగేవాడు. ఆగనే లేదట.

రేపు పదింటికి ప్రదర్శన. ఎనిమిదింటికే రవీందర్ తాళం తెస్తానన్నాడు. ఆ ఫొటోలు దించాలి. తీసినవాళ్లందరికీ ఫోన్ చేసి, అందులో ఉన్నవాళ్లకు చెప్పమనాలి. మొదటి ఫోన్ సమ్మయ్యకు.