పడవ ఇరుకులో పట్టే రంపం

రేపల్లె
3-9-73

చి. భావనారాయణను మామ్మ దీవించి వ్రాయునది.

గుంటూరు ఆసుపత్రిలో నిన్న నా చేతి పిండికట్టు తీశారు. ఎముక అతికింది, బెంగపడకు. నువ్వు విశాఖలో చూసిన గుండ్రటి బిళ్ళ గిర్రున తిరిగే కరెంటు రంపం మాత్రం కొనవద్దు. మన పడవ ముందు కొనలో కొత్త చెక్కకు దిగ్గొట్టిన కర్రమేకులను చెక్కతో సమంగా కొయ్యాలి. మీ బాబాయి రాఘవులు కలప అడితిలో అలాంటి రంపమే అడిగి తెచ్చాడు. ఆ ఇరుకులో పట్టక, వంచి పెడితే కొత్త చెక్కకే గాటు పడింది. "బల్లలు కొయ్యడానికైతే దొరబిడ్డేనమ్మా, ఇక్కడ దీని పొట్టే అడ్డం" అని తిరిగి ఇచ్చేశాడు.

నా కట్టు కోసిన మిషను బిళ్ళ తిరగదు, ఉన్నచోటే వణుకుతుంది. నేను చెయ్యి లాక్కోబోతే కాంపౌండరు, "భయపడకండి మామ్మగారూ" అని తన అరచేతికి ఆనించి చూపాడు. తోలు తెగలేదు. కట్టు మాత్రం బిళ్ళ అంచు ఆనిన చోటల్లా తెగింది. కర్ర కోసేందుకు అటువంటిది ఉందేమో అక్కడి కొట్లలో అడుగు. లేకపోతే పళ్ళు పక్కలకు వంచని సన్నరేకు చేతిరంపం పంపు. అది చెక్కను గీకదు. దసరా దాటగానే పడవ వేటకు దిగాలి.

నీ కూతురు కోటమ్మకు జ్వరం తగ్గిందా? పిల్లకు కాచిన నీళ్ళే పట్టండి. అక్షరాలు వంకరపోయాయని కంగారుపడకు, ఆ చేత్తోనే వ్రాశాను.

మీ మామ్మ,
కనకరత్నం