అది సోమరితనం కాదట నాయినా

నాయినా,

నువ్వు పోయి నేటికి ఐదేళ్లు. ఇవాళ నీకొక మంచి కబురు చెప్పాలి. అన్నకూ నీలాగే గురక, పగలంతా కునుకుపాట్లు. పోయిన నెల కొడకండ్ల దారిలో కునుకు పట్టి ట్రాక్టర్‌ను పత్తిచేనులోకి దించేశాడు. అదృష్టం, దెబ్బలు తగల్లేదు. వదిన పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లింది. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని డాక్టర్ చెప్పి, పొడుగు గొట్టంతో ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్ రాసిచ్చాడు. అది పెట్టుకున్న వాళ్ల నాన్నను చూసి నీ మనవరాలు "బాపు ఏనుగైండు!" అని ఒకటే నవ్వు. ఇప్పుడు అన్న తెల్లారకముందే లేచి, పాటలు పాడుకుంటూ పనికి పోతున్నాడు.

ఆ రోజు వాళ్ల వెంట వెళ్లిన అమ్మ డాక్టర్‌ను నీ గురించి అడిగింది.

"గట్లయితే మా ఆయనది సోమరితనం గాదా సారూ?"

"కాదమ్మా. ఆయనకూ ఇదే జబ్బు ఉండొచ్చు."

ఇంటికి రాగానే అమ్మ వాడకట్టంతా తిరిగి ఆ మాట చెప్పి వచ్చింది. నిన్ను నిద్రమొద్దని వెక్కిరించినవాళ్లలో నేనూ ఉన్నాను నాయినా. నాకు మాత్రం రెండుసార్లు చెప్పింది.

నీ బిడ్డ