చేతివాటం

పుణె,
జూన్ 9.

ప్రియమైన నవతకు,

ఈ 'ప్రియమైన' అలవాటు కొద్దీ పడింది, మురిసిపోకు. ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది. అక్షరాలు అలుక్కుపోతే ఏడ్చాననుకోవద్దు. ఎడమ చేత్తో రాసేదాన్ని, తడి సిరా మీద నా చెయ్యే పాకుతుంది.

మన గైడ్ కొండలరావు గారు ల్యాబ్ మీటింగ్‌లో అందరి ముందూ, "ధరణి చేతివాటం చూపించిందమ్మా, ఆ రిజల్ట్స్ అన్నీ వండినవే" అన్నారట. గల్లాపెట్టె దగ్గర పట్టుబడ్డ గుమాస్తాను అన్నట్టు. ఆ గదిలో నువ్వూ ఉన్నావట. నోరెత్తలేదట.

నాలుగేళ్లు ఆ ఎంజైముతో కాపురం చేశాం కదే. రక్తానికి ఎరుపునిచ్చే హీమే అందులోనూ ఉంటుంది. దాని నడుమ ఉన్న ఇనుమును కింద నుంచి పట్టుకున్న గంధకాన్ని తప్పించి, అక్కడ సెరీన్ అనే అమైనో ఆమ్లం పెట్టింది మనిద్దరమే. హీమ్ కూర్చునే గూడును మార్చి, ప్రకృతి దానికెన్నడూ చెప్పని పని నేర్పాం. మూడు కర్బనాలను ముక్కోణంగా కడుతుంది. అద్దంలో బొమ్మల్లా కుడి రూపం, ఎడమ రూపం రెండూ వీలున్నా ఎడమదే కడుతుంది. అప్పుడు నాది హస్తవాసి అన్నారు. ఇప్పుడు చేతివాటం అంటున్నారు. థీసిస్ ఆపేశారు. ఏడాది చివరికి డిగ్రీ చూపించకపోతే ఇక్కడ ఉద్యోగం ఊడుతుంది.

ఆయనకు నువ్వేం చెప్పావు?

స్నేహితురాలినో కాదో నువ్వే తేల్చాల్సిన
ధరణి


మాణికేశ్వర్ నగర్,
జూన్ 17.

ప్రియమైన ధరణికి,

చూసింది చెప్పాను. వెళ్లేటప్పుడు నువ్వేమన్నావు? "ఫ్రీజర్‌లో నా పెట్టె ఉంది, మొదటి వరుసలో మూడో ట్యూబు, కళ్లు మూసుకుని తీసుకో" అన్నావు. మూతల మీద నీ రాత ఎప్పటిలాగే అలుక్కుపోయి ఉంది. లెక్కపెట్టి మూడోదే తీశాను. బ్యాక్టీరియాను పెంచి, ప్రోటీను తీసి, రియాక్షన్ పెట్టాను. కుడీ ఎడమా సగం సగం వచ్చాయి. గూట్లోంచి జారిపోయిన విడి హీమ్ చేసే గుడ్డి పని అది. దానికి ఎంజైము ఎందుకు?

మళ్లీ పెట్టాను, అదే వచ్చింది. మూడోసారీ అంతే. ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను, నీ మీద కోపంతోనే. సర్ అడిగితే అబద్ధం చెప్పమంటావా? ఆయన ఆ మాట అన్నప్పుడు నోరెత్తలేదు, నిజమే. నేనూ అదే అనుకున్నాను మరి. నీ గొంతు వింటే మెత్తబడతానని నంబరు బ్లాక్ చేశాను.

మీ అమ్మగారు శ్యామలాంబ గారు తార్నాకలో కూరగాయల బండి దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఆవిడ చేతి పెసరట్లు తిన్నదాన్ని, నాకెలా ఉంటుందో ఆలోచించావా? మా అమ్మేమో ఇంకా నీ వైపే. "గా పిల్ల గసొంటిది కాదే. యాడనో గడ్‌బడ్ అయింది. ఒక్కపారి ఫోన్ చేసి అడగరాదు?" అంటుంది. అడగడానికి ఏం మిగిలింది?

కోపంగానే ఉన్న
నవత


పుణె,
జూన్ 22.

ప్రియమైన మొద్దుకు,

ఏ వైపు నుంచి మూడోది?

హాస్టల్ మెస్సులో నన్ను బెంచీకి ఎడమ చివర ఎందుకు కూర్చోబెట్టేవారు? పక్కనున్నవాళ్లకు మోచెయ్యి తగులుతుందని. మీ ఇంట్లో బతుకమ్మ నాడు సత్తు ముద్దలకు చెయ్యి చాస్తే, మీ అమ్మ భారతమ్మ గారు "గా చెయ్యి కాదు బిడ్డా" అని ఎందుకన్నారు? ఇన్నేళ్లు పక్కనే పనిచేసి, నేను పెట్టె ఎటు నుంచి నింపుతానో చూడలేదా? కుడి నుంచి ఎడమకి. నువ్వు ఎడమ నుంచి లెక్కపెట్టి తీసింది మనం పనికిరాదని వదిలేసిన రకం, గూడు వదులై హీమ్ జారిపోయేది.

నా మాట నమ్మొద్దు. రెండు ట్యూబుల్నీ సీక్వెన్సింగ్‌కి పంపు. జన్యువులో ఏముందో అదే చెబుతుంది. దానికి నా మీద ప్రేమా లేదు, కోపమూ లేదు.

ధరణి


మాణికేశ్వర్ నగర్,
జూలై 3.

ప్రియమైన ధరణికి,

నువ్వు చెప్పిందే నిజం. నేను తీసింది ఆ వదిలేసిన రకమే. కుడి నుంచి మూడోదానిలో సెరీన్ ఉంది. దానితో రియాక్షన్ పెడితే దాదాపు అంతా ఎడమ రూపమే వచ్చింది.

ఆ కాగితాలు పట్టుకుని కొండలరావు గారి గదికి వెళ్లాను. "సరేలేమ్మా, పొరపాట్లు జరుగుతుంటాయి. థీసిస్ పంపించమను" అన్నారు, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడూ ఆయన ముందు పుస్తకాల భాషే మాట్లాడేదాన్ని, ఆ రోజు రాలేదు. "మీటింగ్‌ల అన్నరు సార్, మీటింగ్‌లనే వాపస్ తీస్కోండి. గప్పటిదాంక ఆ ట్యూబు ఎవ్వరికి ఇయ్యను" అన్నాను.

సోమవారం మీటింగ్‌లో మాట వెనక్కి తీసుకున్నారు. గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో. ఆయన కూర్చున్నాక నేను లేచి, తప్పు ట్యూబు తీసింది నేనని చెప్పాను. నీ నంబరు అన్‌బ్లాక్ చేశాను. ఎంత తిట్టాలో అంత తిట్టు.

నవత


పుణె,
జూలై 9.

ప్రియమైన నవతకు,

ఈసారి అలవాటు కొద్దీ కాదు.

ఫోన్ చెయ్యలేదు. చేస్తే తిట్లన్నీ అందులోనే అయిపోతాయి, అవి ఎదురుగా తిట్టాల్సినవి. తప్పు ట్యూబు తీశావని నాకు కోపం లేదు. ఎవరైనా తీస్తారు, ఏ వైపు నుంచో నేనూ చెప్పలేదు. కానీ అదే రియాక్షన్ మూడుసార్లు పెట్టే ఓపిక ఉన్నదానివి, నన్నొక్కసారి అడిగే ఓపిక లేకపోయింది. భారతమ్మ గారికి తట్టింది నీకు తట్టలేదు. ఎంజైమును నమ్మడానికి నీకు రుజువు కావాలి, సరే. నన్ను దొంగ అనుకోవడానికి ఏం కావాల్సి వచ్చింది? ఈ కోపం డిగ్రీ చేతికొచ్చినా పోదు.

థీసిస్ ఇవ్వడానికి వచ్చే ఆదివారం వస్తున్నాను. మధ్యాహ్నం తార్నాకలో మా ఇంటికి భోజనానికి రా. అమ్మకు చెప్పాను. "దాన్నా?" అంది. "దాన్నే" అన్నాను.

నన్ను మళ్లీ చివర కూర్చోబెడితే ఊరుకోను. నీ కుడి పక్కనే కూర్చుంటాను. మోచేతులు తగులుతాయి. తగలనీ.

నీ
ధరణి