ఆదివారం కుండ

రంగూను,
11 జూలై 1927, సోమవారం

భీమిలిలో ఉన్న మా అప్ప గంగాభవానికి, చెల్లి తులసమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. సవతినని రాయాల్సిన చోట చెల్లినని రాయడం నువ్వు నేర్పిందే. ఇక్కడ మన పదకొండు ఇళ్ళవాళ్ళమూ దేవుడి చల్లని చూపులో బాగున్నాం. మనిద్దర్నీ కట్టుకున్న మామకు దగ్గొక్కటే వదల్లేదు. మీ అమ్మ కాలివాపు తీసిందో లేదో రాయి. ఈ ఉత్తరం మాత్రం ఎవరిచేతా చదివించకు, నువ్వే కూడబలుక్కుని చదువుకో.

మన పిల్ల పైడితల్లికి చెవిపోటు తగ్గింది. నేను జడ వేస్తే ఏడుపు, పెద్దమ్మే వెయ్యాలట. ప్రార్థనకు జనం పెరిగారా అని అడిగావు. పెరిగారు. ఊళ్ళో మనల్ని "యర్రయ్య కుండవాళ్ళు" అంటున్నారు, తన పేరు పెట్టి పిలుస్తున్నారని మామకు లోపల గర్వమే. సిరియంలో నూనె ఫ్యాక్టరీ పనికి పోయిన బుల్లియ్యవాళ్ళు కూడా ఆదివారం పడవెక్కి, కొంగున బియ్యం ముడేసుకుని వస్తున్నారు. మామ పెట్టిన పద్ధతి మారలేదు. ఇంటికి పిడికెడు బియ్యం, అందరికీ ఒకటే కుండ. మనసులో దాపరికం ఉన్నవాళ్ళు అది చెప్పుకునేదాకా బియ్యం వెయ్యకూడదు, ఆ అన్నం తినకూడదు. అచ్చమ్మ పక్కింటి కోడిగుడ్లు తీశానని ఒప్పుకున్న రోజు నువ్వెంత నవ్వావో!

మీ అమ్మను చూసుకోవడానికి వెళ్ళి ఇన్నాళ్ళైందని కాబోలు, "నాకు అక్కడ ఇంకా చోటుందా?" అని చివర్న రాశావు. అది చదివి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

నాలుగేళ్ళ కిందట మిషన్ పాదిరిగారు, బాప్తిస్మం కావాలంటే ఒక భార్యను వదలమని మామతో అన్నారు కదా. రెండోదాన్ని గనక నన్నే పంపేస్తారనుకున్నాం. అప్పుడు పైడితల్లి నా కడుపులో ఉంది. రెండు రోజుల్లో పాదిరిగారి మాట మారింది. నీ మొదటి మొగుడు పోయాక మామ నిన్ను మారుమనువు చేసుకున్నాడనీ, పందిరివేసి పెళ్ళాడింది నన్నే గనక నువ్వే పోవాలనీ అన్నారు. ఈ సంగతి ఎవడు చేరేశాడని మామ ఎంత ఎగిరాడు! "ఇద్దర్నీ తెచ్చుకున్నోణ్ణి, ఇద్దరితోనే ఉంటాను. మీ గుడి మీరే ఉంచుకోండి" అని బయటికొచ్చి, సేక్కాన్ రేవు పక్క రేకుల షెడ్డులో మన ప్రార్థన మొదలుపెట్టాడు. మర్నాటి నుంచి ఎందుకో ఆ చేరేసినవాడి ఊసే ఎత్తలేదు.

చేరేసింది నేనే అప్పా. కడుపుతో ఎక్కడికి పోతానని భయపడి, పాదిరిగారింటి వెనక మెట్లమీద నిలబడి చెప్పాను. నిన్ను వెళ్ళగొట్టి నేను మిగలాలనుకున్నాను.

ఇన్నేళ్ళూ సిగ్గులేకుండా కుండలో బియ్యం వేశాను. నీ ఉత్తరం వచ్చాక చెయ్యి రాలేదు. మూడు ఆదివారాలు పస్తున్నాను. నిన్న అందరి ముందూ చెప్పేశాను. మామ చాలాసేపు దగ్గి, అప్పుడన్నాడు:

"నాకు ఎరికేనే. గంగ సెప్పింది. ఆ దినం పాదిరి ఇంటికాడ నిన్ను సూసిందట. 'సెల్లి కడుపుతో ఉంది, బయపడిపోనాది. నువ్వేటీ అడక్కు, అడిగితే ఇల్లొగ్గి పోతాది' అని నాసేత ఒట్టేయించుకుంది."

అప్పా, అన్నీ తెలిసే నాకు పురుడు పోశావా? తెలిసే, నాకు పాలు పడలేదని పాలసొర చేప కోసం రేవంతా తిరిగావా? తల్లి కూడా ఇంత చెయ్యదు. ఈ జన్మలో నీ రుణం తీరదు, తీర్చుకోవాలనీ లేదు. నీకు రుణపడి బతకడమే నాకు బాగుంది.

నీకు చోటుందా అని నన్ను అడుగుతావేమిటి? ఇల్లు నీది. ఏ ఓడకు వస్తున్నావో రాయి, జెట్టీకి నేనే వస్తాను. అక్కడ నా మొహం చూశాక, నన్ను ఉండమంటావో పొమ్మంటావో చెప్పు.

ఇట్లు,
నీ చేత పురుడు పోయించుకున్న చెల్లి,
తులసమ్మ