ఉండ లోపలి ఆరో వంతు

విజయనగరం,
9 ఫిబ్రవరి 2017.

కన్యాకుమారి అక్కకు హరిబాబు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. నీకు ఆ మాట రాయడానికి సిగ్గేసింది. ఝాన్సీకి దగ్గు తగ్గిందా? కళింగపట్నంలో చలిగాలి ఇంకా పోయి ఉండదు. పిల్లకి చెవులు కప్పు.

లక్ష్ముడు బావ పెద్దకర్మకి నేను వచ్చినప్పుడు నువ్వు ఏడవలేదు. ఆయన ఫొటోని గోడవైపు తిప్పేశావు. "అరసవిల్లి దేవుడి ముందు, పిల్ల తలమీద సెయ్యేసి బీడీ మానీసినానన్నాడు. ఒట్టు తప్పినోడికి నానేడవను" అన్నావు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా రంగుల షెడ్డు షావుకారు చెప్పింది పచ్చి అబద్ధం. బావ రంగు కొట్టే గదిలో బీడీ వెలిగించాడట, పొడి అంటుకుందట! ఆ మాట ఊరంతా నమ్మింది. నువ్వూ నమ్మావు.

మా పని ఎలా ఉంటుందో విను. ఇనుప గ్రిల్లుని కొక్కేనికి వేలాడదీసి, తుపాకీలాంటి గొట్టంతో రంగు పొడి కొడతాం. కరెంటు పట్టిన పొడి ఇనుముని అంటుకుంటుంది. తర్వాత పొయ్యిలో కాలుస్తాం. విచారణకి వచ్చిన ఆఫీసర్ల ముందు షావుకారు "ఆ పొడికి పట్టే కరెంటు సీమ కుట్టినంత నేదండి, దాంతో మంటేటి?" అని నవ్వాడు. వాళ్లూ నవ్వారు. మనిషి కాలిపోయిన చోట నిలబడి నవ్వారక్కా.

ఆ కరెంటెంతో నేను లెక్క కట్టాను. ఇంటర్ తప్పినవాణ్ణే. పాత పుస్తకం కొనుక్కుని, ఫోన్లో పాఠాలు చూసుకుంటూ మధ్యాహ్నం అన్నాల వేళ కట్టేవాణ్ణి. పక్కన బావ వల దారం ఉండ చుట్టుకుంటూ "ఏటిరా సదువుకున్నోడా, గుండు లెక్క తేలినాదా?" అని వెక్కిరించేవాడు.

పొడి రేణువుని చిన్న గుండు అనుకో. దాన్ని పొరపొరగా కడుతున్నామనుకో. మొదటి చిటికెడు చార్జీ, అంటే పొడికి పట్టే ఆ కరెంటే, ఊరికే వచ్చి కూచుంటుంది. తర్వాత వచ్చేదాన్ని ముందున్నది తోసేస్తుంది, రెండూ ఒకే జాతివి గనక. ప్రతి పొరనీ బలవంతంగా నెట్టాలి. ఆ నెట్టిన కష్టమంతా గుండులో శక్తిగా నిలిచిపోతుంది. ఆ శక్తి సూత్రంలో ముందుండే భిన్నం నాకు సగం అని వచ్చింది. పుస్తకంలో అయిదింట మూడు వంతులు అని ఉంది. పుస్తకమే తప్పని అరిచాను. బావ చేతిలో ఉండ చూపించి "లోపల సూసినావేటిరా? పైపైన దారమే గానీ లోపలేటీ నేదేటి?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. మర్నాడు గానీ నాకు వెలగలేదు. ఇనుప గుండయితే చార్జీ అంతా పైకి పరిగెడుతుంది, లోపల ఖాళీ. రంగు పొడి అలా కాదు. ఎక్కడ పెట్టింది అక్కడే ఉండిపోతుంది. ఆ శక్తి గుండు చుట్టూ బయట అయిదు పాళ్లుంటే, లోపల ఇంకో పాలు ఉంది. నేను బయటిది మాత్రమే కట్టాను, ఆ ఆరో పాలు కలిపితే పుస్తకం లెక్క సరిపోయింది.

ఒక్క రేణువు వరకూ షావుకారన్నది నిజమే, అది చీమ కుట్టినంత కూడా కాదు. కానీ పొడి మోసుకొచ్చిందంతా గ్రిల్లు మీద చేరుతుంది. కొక్కెం శుభ్రంగా ఉంటే భూమిలోకి దిగిపోతుంది. కొక్కేనికీ రంగు కాలి పెచ్చు కట్టిందా, దిగే దారి లేదు. పోగైంది రెట్టింపయితే శక్తి నాలుగింతలు. నిప్పురవ్వ ఎగరడానికి ఇంకేం కావాలి?

అందుకే కొక్కేలు గీకాలి. అందుకు షావుకారు ఏ పనిముట్టూ ఇవ్వలేదు. బావే తన బ్లేడుముక్కతో గీకేవాడు. ఆ రోజు "గీకుడు ఆపరా, లారీ వచ్చీసినాది, కొట్టీ!" అని షావుకారు గుమ్మంలో నిలబడి కేకలేశాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. నా చెవులతో విన్నాను. అదే ఆఫీసర్లకి చెప్పాను. వాళ్లు రాసుకోలేదు, షావుకారు నన్ను పనిలోంచి తీసేశాడు. తీసేయనీ.

ఇంత రాశాక తెలుస్తోంది, నువ్వడిగింది ఇది కాదని. "మంట ఎలాగైనా పుట్టనీరా, సంచిలో అగ్గిపెట్టి ఎందుకున్నాది?" అన్నావు. బయట మేకుకి వేలాడుతున్న బావ సంచిలోంచి షావుకారు దాన్ని తీసి, అందరి ముందూ ఊపాడు. గలగలమంది. నేనూ విన్నాను. అక్కా, అగ్గిపెట్టె లేదని నీకు అబద్ధం రాయలేను.

ఇట్లు,
నీ తమ్ముడిలాంటి
హరిబాబు

తా.క. కవరు అంటించకుండానే, నా బట్టలు తెచ్చుకుందామని షెడ్డుకి వెళ్లాను. షావుకారు గది కిటికీలో ఆ అగ్గిపెట్టె అలాగే పడి ఉంది. తెరిచాను. ఒక్క పుల్ల లేదు. రెండుగా విరిచిన బ్లేడు, ఎరుపూ ఆకుపచ్చా రంగు పెచ్చులు. గలగలమన్నది అదే. ఊపినవాడూ తెరవలేదు, విన్నవాళ్లమూ తెరవలేదు. ఇల్లు చేరగానే ఝాన్సీ బెల్లం జీడీల కోసం ముందు సంచిలోనే చెయ్యి పెడుతుందని బావ మురిసిపోతూ చెప్పేవాడు. పిల్ల వేళ్లు తెగుతాయని బ్లేడుని ఆ ఖాళీ పెట్టెలో పెట్టుకున్నాడు. ఫొటో ఇటు తిప్పక్కా. పెట్టె ఈ కవర్లోనే పంపుతున్నా. నువ్వే విప్పు, ఝాన్సీని చెయ్యి పెట్టనివ్వకు.