కీసరగుట్ట నుంచి ఎప్పుడొస్తావు

లక్ష్మీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ ఫొటోకు కొత్త దండ వేశాను.

నాచారంలో మన పైగదిలో ఉండి చదువుకున్న సూడాన్ పిల్లాడు యూసుఫ్ లేడూ, దేశాల మధ్య స్నేహం పెరగాలని సర్కారు అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ స్నేహమేదో పెంచింది మాత్రం నువ్వే, జ్వరమొస్తే తిట్టి మరీ జొన్నగటక తాగించి. తన దేశం వెళ్లాక కూడా ప్రతి శుక్రవారం ఫోన్ చేసి నీ గురించి అడుగుతాడు. చెప్పడానికి నోరు రాక, "కీసరగుట్ట గుడికి పోయింది బిడ్డా" అంటూ వచ్చాను. బతికుండగా ఒక్కసారీ తీసుకెళ్లనివాణ్ని, ఇప్పుడు వారం వారం పంపుతున్నాను.

ఇవాళ అతని చెల్లెలు అమీనా వచ్చింది, అదే స్కాలర్‌షిప్ మీద. అన్న నేర్పిన తెలుగులో "అమ్మ ఏడ?" అంది. అలవాటుగా నోట్లోంచి కీసరగుట్టే వచ్చింది.

నీ ఫొటో చూసి నవ్వింది. "అమ్మకు పూలదండ. మస్తుంది." ఫొటోకు దండ ఎప్పుడు వేస్తామో యూసుఫ్‌కు నువ్వు చెప్పనే లేదు.

వాళ్లమ్మ నీకు పంపిన శాలువా నా చేతికివ్వలేదు. "అమ్మకే ఇస్తా. కూసుంటా" అని వాకిట్లో కూర్చుంది.

ఎట్లా చెప్పాలో తెలియక లోపలికొచ్చి నీకిది రాస్తున్నాను. సందు మొదట్లో బస్సు ఆగినప్పుడల్లా ఆ పిల్ల లేచి నిలబడుతోంది.